ఐస్‌క్రీం అయిపోయేలోపు మొజంజాహీ మార్కెట్: ఇద్దరు పిల్లలతో పాతబస్తీ స్కెచింగ్

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఇంటి నుంచే పని. ఉండేది మలక్‌పేటలో. పెద్దోడికి ఆరేళ్లు నిండాయి, చిన్నదానికి మూడు దాటాయి. చిన్నది కాళ్లొచ్చి ఇల్లంతా తిరగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి, రోజూ బయట ఎక్కడో ఒక చోట కూర్చుని ఒక్క బొమ్మైనా గీయడం అలవాటు చేసుకున్నాను. వారంలో ఒకటి రెండు సార్లు ఆటో ఎక్కి చార్మినార్ వైపో, చాదర్‌ఘాట్ వంతెన దాటి మొజంజాహీ మార్కెట్ వైపో వెళ్తాం. మిగతా రోజులు ఇంటి చుట్టుపక్కలే.

తోటి ఆర్టిస్టులు, ముఖ్యంగా పిల్లలు పుట్టాక పెన్సిల్ పక్కన పెట్టేసిన ఆడవాళ్లు, ఒకటే అడుగుతుంటారు: టైం ఎలా దొరుకుతోంది? దొరకడం లేదు. ఎప్పుడు చూసినా పది నిమిషాలు, పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. బొమ్మ అవుతుందా లేదా అన్నది నా విషయంలో తేల్చేది చోటు. పిల్లలు ఆ కాసేపు ఎక్కడ నస పెట్టకుండా ఉంటారో అక్కడ కూర్చుంటే బొమ్మ అవుతుంది. చార్మినార్ ఎంత గొప్పగా కనిపించే మూలైనా, మూరెడు దూరంలో బండ్లు పోతుంటే ఒక చెయ్యి చిన్నదాని రెక్క పట్టుకునే ఉంటుంది. మిగిలిన ఒక్క చేత్తో పుస్తకం పట్టుకోవాలా, గీయాలా? అందుకే నేను ముందు పిల్లలకు చోటు వెతుకుతాను. అక్కడి నుంచి ఏది కనిపిస్తే అది గీస్తాను. ఈ పద్ధతి ఎలా నడిచింది, బొమ్మల్ని ఎలా మార్చింది, ఎక్కడ పనికిరాలేదు అన్నదే ఈ కేస్ స్టడీ.

అర్బన్ స్కెచింగ్ గురించి కొత్తవాళ్లకు రెండు ముక్కలు. సియాటిల్‌లో వార్తాపత్రికకు బొమ్మలు వేసే గాబ్రియెల్ కాంపనారియో 2007లో ఆన్‌లైన్‌లో ఒక గుంపు మొదలుపెట్టారు. అదే తర్వాత అర్బన్ స్కెచర్స్ అనే సంస్థ అయింది. వాళ్ల మేనిఫెస్టోలో మొదటి మాట, అక్కడే కూర్చుని, కళ్లతో చూసిందే గీయాలని. ఫొటో చూసి ఇంట్లో వేస్తే లెక్కలోకి రాదు. ఒంటరిగా తిరిగేవాళ్లకు ఇది సులువైన నియమం. పిల్లలున్న ఇంట్లో దీని చుట్టూ చాలా సర్దుబాట్లు చేసుకోవాలి.

చోటు వెతకడం

కొత్త చోటికి వెళ్తే నేను మొదట చూసేది భవనాన్ని కాదు. బండ్లు ఏ వైపు నుంచి వస్తాయి, వీపు ఆనించడానికి గోడ ఉందా, నీడ ఎంతసేపు ఉంటుంది, దగ్గర్లో బాత్రూమ్ ఉందా, పిల్లలు చూస్తూ ఉండిపోవడానికి ఏదైనా కదిలేది ఉందా అని చూస్తాను. ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. పావురాలు, నీళ్లు, పనిచేస్తున్న మనిషి, క్రేన్... వీటిలో ఏదో ఒకటి ఉంటే పది నిమిషాలు నావి.

ఆ లెక్కన పాతబస్తీలో నాకు దొరికిన మంచి చోటు మక్కా మసీదు ఆవరణ. కుతుబ్‌షాహీల కాలంలో మొదలై, ఔరంగజేబు హయాంలో 1694లో పూర్తయిన కట్టడం. పెద్ద రాతి కమానుల వరస, ముందు విశాలమైన పరుపుబండల నేల, దాని నిండా పావురాలు. నమాజు వేళలు చూసుకుని, తల మీద దుపట్టా వేసుకుని వెళ్తాను. గేటు దగ్గర సంచి తెరిచి చూస్తారు కాబట్టి పెద్ద బ్యాగు తీసుకెళ్లను. పెద్దోడు పావురాల వెంట పరిగెడతాడు, చిన్నది వాడి వెంట పరిగెడుతుంది. అవి ఒక్కసారిగా లేచి, చుట్టు తిరిగి, మళ్లీ అదే చోట వాలతాయి. పావురాల్ని ఒక్కొక్కటిగా గీయబోతే తల ప్రాణం తోకకొస్తుంది. గుంపు మొత్తాన్ని ఒక బూడిదరంగు మరకలా వేసి, అంచుల్లో మాత్రం రెండు మూడింటికి రెక్కలు పెడితే సరిపోతుంది. వెనక కమానుల వరసకూ అదే సూత్రం: ఒక కమాను శ్రద్ధగా, మిగతావి నీడలతో.

ఇదే సూత్రం పత్తర్‌గట్టిలోనూ పనికొస్తుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచేశాక, 1912లో ఏర్పాటైన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చేపట్టిన పనుల్లో ఆ రాతి కమానుల దుకాణాల వరస ఒకటి. గీసేవాళ్లకు విందు. కానీ ఫుట్‌పాత్ మీద నిలబడటానికే చోటుండదు, చిన్నపిల్లలతో కూర్చోవడం అయ్యే పని కాదు. ఆటోలోంచి ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా కాస్త కాస్త గీసిన బొమ్మలు తప్ప నా దగ్గర పత్తర్‌గట్టి లేదు.

చౌమహల్లా ప్యాలెస్ ఇంకోలా ఉంటుంది. టికెట్ కొనాలి, శుక్రవారం సెలవు. కానీ లోపలికి వెళ్లాక బండ్ల భయం ఉండదు. ఖిల్వత్ (దర్బారు హాలు) ముందు తోట, మధ్యలో పెద్ద నీళ్ల కొలను. కొలను చూసి పిల్లలు ఆగిపోతారు. ఆగి ఊరుకోరు, చెయ్యి పెట్టబోతారు. అందుకే ఖిల్వత్ మెట్ల మీద, కొలనుకు కొంచెం ఎడంగా, అయినా కళ్లముందే ఉండేలా కూర్చుంటాను. లోపలి షాండ్లియర్లు నేను గీయలేదు. అంత పనితనం గీయాలంటే ఒళ్లో నిద్రపోతున్న పాప కావాలి, మాది ఆ వయసు దాటేసింది.

కుతుబ్‌షాహీ సమాధులకు ఆదివారం ఆయన తోడు ఉన్నప్పుడే వెళ్తాం. చోటు విశాలం, చెట్లు బోలెడు. ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు 2013లో మొదలుపెట్టి చేసిన మరమ్మతులతో గుమ్మటాల మీది డంగుసున్నం పని ఎలా ఉండేదో ఇప్పుడు బాగా తెలుస్తోంది. కానీ అక్కడ బావులున్నాయి. ఆ మెట్ల బావులు గీయడానికి ఎంతో బాగుంటాయి. చిన్నపిల్లలతో ఒక్కదాన్నే ఉంటే వాటి దరిదాపులకు పోను. ఇందులో రెండో ఆలోచన లేదు.

ఐస్‌క్రీం లెక్క

మొజంజాహీ మార్కెట్‌ని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1935లో కట్టారు, ఆయన రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. మొత్తం గ్రానైట్ రాయి, కూడలి వైపు గడియారం గోపురం. 2020లో బాగుచేశాక రాయి రంగు తేటగా కనిపిస్తోంది. లోపలి ఖాళీ జాగాలో ఐస్‌క్రీం దుకాణాలు, బయట కుర్చీలు. పిల్లలతో స్కెచింగ్‌కు ఇంతకన్నా మంచి ఏర్పాటు ఈ ఊళ్లో నేను చూడలేదు.

చిన్నది సీతాఫలం ఐస్‌క్రీం కప్పు ఒకటి పూర్తి చేయడానికి పట్టే టైమే నా బొమ్మకు టైం. చెంచా చెంచాకూ ఆగి అటూ ఇటూ చూస్తుంది కాబట్టి పావుగంట పైనే వస్తుంది. ఆ టైంని ఇలా ఖర్చుపెడతాను. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ గీయను, కప్పులు తెరవడం, టిష్యూలు ఇవ్వడం, ఎవరి కప్పులో ఎక్కువుందన్న తగువు తీర్చడం. తర్వాత పెన్సిల్‌తో గోపురం ఎత్తు, పైకప్పు గీత, నేల గీత. అంతే, లోపల ఏమీ ఉండదు. ఆ వెంటనే నీడ ఎక్కడ పడిందో దాని అంచు. కిటికీలు, బోర్డులు, కరెంటు తీగల కన్నా ముందు నీడ ఎందుకంటే, సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. మధ్యలో బాత్రూమ్‌కు వెళ్లొస్తే చాలు, గోడ మీద నీడ వేరే చోట ఉంటుంది. ముందే అంచు గీసి పెట్టుకుంటే తర్వాత ఎన్నిసార్లు లేచినా దాన్ని మార్చను. నీడ ఒకే వేళది అయితే బొమ్మలో మిగతావి ఎంత అస్తవ్యస్తంగా ఉన్నా నిలబడుతుంది. నీడలు రెండు వేళలవైతే ఎన్ని కిటికీలు కుదిరినా ఏదో తేడాగా కనిపిస్తుంది.

చివరి నిమిషాల్లో మనుషులు. మనుషుల్ని చివరికి వదిలేయమని చాలామంది చెప్పరు, ముందే వేయమంటారు, ఎందుకంటే కదిలిపోతారు. నిజమే. కానీ మార్కెట్లో ఒక మనిషి పోతే అలాంటి మనిషే ఇంకొకరు వచ్చి అదే కుర్చీలో అదే తీరున కూర్చుంటారు. పైగా ఐస్‌క్రీం తినే మనిషి భంగిమ ఒకటే: ముందుకు వంగి, కప్పు గడ్డం దగ్గరికి.

ఒక్కోసారి ఐస్‌క్రీం సగంలోనే కింద పడుతుంది. అప్పుడు బొమ్మ కూడా సగమే. దాన్ని అలాగే వదిలి, మూలన తేదీ, టైం రాస్తాను. మళ్లీ అదే చోటికి, వీలైతే అదే వేళకు వెళ్లి, పైన గీస్తాను. చార్మినార్ దగ్గర ఈ టైం రాసుకోవడం ఇంకా సులువు, 1889లో పెట్టిన గడియారాలు నాలుగు వైపులా ఉన్నాయి. అలా మూడు నాలుగు విడతల్లో పూర్తయిన బొమ్మలే నా పుస్తకాల్లో బాగున్నవి. ఒక్క బైఠక్‌లో పూర్తిచేయాలన్న పట్టు వదలడం వల్లే రోజూ గీయడం వీలైంది.

రంగులు మాత్రం చాలావరకు ఇంటికొచ్చి, పిల్లలు పడుకున్నాక వేస్తాను. అక్కడే కూర్చుని వేయాలన్న నియమానికి ఇది విరుద్ధమని కొందరు ముఖం చిట్లిస్తారు. చిట్లించేవాళ్ల ఒళ్లో పిల్లలుండగా నేనెప్పుడూ చూడలేదు. ఫొటో తీయను కానీ రంగుల్ని అక్కడే గుర్తు పెట్టుకుంటాను: బొమ్మ మీద చిన్న అంకెలు వేసి, ఒకటి ఎండపడ్డ రాయి, రెండు నీడ, మూడు గుడారం గుడ్డ అని మార్జిన్‌లో ఒక్కో చుక్క రంగు అద్దుతాను. ఆ చుక్కలకు అర నిమిషం చాలు.

హైదరాబాద్ గ్రానైట్ రంగు నలుపు, తెలుపు కలిపితే రాదు, సిమెంటులా చచ్చినట్టు ఉంటుంది. అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలిపితే వచ్చే బూడిదరంగే సరైనది. నీడలో నీలం ఎక్కువ, ఎండలో సియెన్నా ఎక్కువ. గరుకు కాగితం మీద అల్ట్రామెరైన్ నలుసులుగా విడిపోయి పల్లాల్లో చేరుతుంది, దాంతో రాతి గరుకుదనం దానంతట అదే వస్తుంది. చార్మినార్‌కు మాత్రం ఇది పనికిరాదు. దాని పైపూత సున్నపు గచ్చు, అందుకే పల్చటి ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) మీద, వానకు నల్లబడ్డ చారలు.

చార్మినార్, మూడు మినార్లతో

చార్మినార్ చుట్టూ బండ్లు ఆపేసి రాళ్లు పరిచాక పిల్లలతో అక్కడికి వెళ్లడం సాధ్యమైంది. పొద్దున ఏడింటికి వెళ్తే దుకాణాలు తెరిచి ఉండవు, షట్టర్ల ముందు మెట్లు ఖాళీ. కాస్త ఎండెక్కేలోపు ఇంటికి వచ్చేయొచ్చు.

దీని నాలుగు ముఖాలు నాలుగు దిక్కులకు ఉన్నాయి. గీసేవాళ్లకు దీనివల్ల ఒక తిరకాసు. అందరూ ఫొటో తీసే చోటు ఉత్తరాన, చార్‌కమాన్ అనే నాలుగు కమానుల మధ్య ఉన్న గుల్జార్‌హౌజ్ వైపు నుంచి. చలికాలంలో సూర్యుడు దక్షిణాన ఉంటాడు, కాబట్టి అటు నుంచి కనిపించే ముఖం రోజంతా నీడలోనే ఉంటుంది. వెనక ఆకాశం తెల్లగా, ముందు కట్టడం నల్లగా. అలాంటి బొమ్మ కావాలంటే బ్రహ్మాండం. గచ్చులోని పూలు, తీగలు కనిపించాలంటే మాత్రం పొద్దున తూర్పు వైపు, సాయంత్రం పడమట, గాజుల దుకాణాల లాడ్ బజార్ వైపు వెళ్లాలి. మేం పొద్దుటి మనుషులం కాబట్టి నా చార్మినార్లు ఎక్కువగా తూర్పు నుంచి వేసినవే.

కొలతల్లో ఎక్కువమంది చేసే పని, మధ్య కమానును చిన్నదిగా వేయడం. ఒక్కో వైపు 20 మీటర్ల వెడల్పైతే, కమాను ఒక్కటే 11 మీటర్లు. అంటే సగానికి పైగా ఖాళీయే. మినార్ల ఎత్తు ఒక్కో వైపు వెడల్పుకు రెండు రెట్ల పైనే. నేను ముందు కమానులోని ఖాళీని గీసి, దాని చుట్టూ రాయి పేరుస్తాను.

ఒకరోజు మూలకు ఎదురుగా కూర్చున్నాం. పెద్దోడు తన పేజీలో మూడే మినార్లు వేసి ఆగిపోయాడు.

"నాలుగోది ఏది నాన్నా?" అన్నాను.

"ఈడికెల్లి మూడే కనవడుతున్నయ్ కదమ్మా!"

నా పేజీలో నాలుగున్నాయి. సరిగ్గా మూలకు ఎదురుగా ఉంటే ముందున్న మినార్ వెనకదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. అడ్డంగా కనిపించేవి రెండు, ముందుది ఒకటి, అంతే. ఆ పేజీని అలాగే ఉంచాను, ఎదురు పేజీలో వాడిది ఉంది కాబట్టి. పెర్‌స్పెక్టివ్ (దూరం, దగ్గర కాగితం మీద చూపించే పద్ధతి) నేర్చుకోవాలని అడిగేవాళ్లకు ఆ రెండు పేజీలూ పక్కపక్కన చూపిస్తుంటాను. తెలిసింది గీయడానికీ చూసింది గీయడానికీ తేడా ఏంటని అడిగితే ఇక వేరే చెప్పనక్కర్లేదు.

ఎదురు పేజీ అన్నాను కదా, అది మా ఇంటి ఒప్పందం. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ పిల్లలది, కుడి పేజీ నాది. చిన్నది ఎడమ పేజీ మీద క్రేయాన్‌తో ఏం చేసినా నేను మాట్లాడను. వేరే పుస్తకం ఇస్తే రెండు నిమిషాల్లో పక్కన పడేసి నా పేజీ మీదకే వచ్చేది. ఒకే పుస్తకంలో తనకూ వాటా ఉందంటే కాసేపు తన జాగాలో తను ఉంటుంది. అప్పుడప్పుడు క్రేయాన్ కుడి పేజీకీ వస్తుంది. మైనపు గీత మీద నీళ్లరంగు నిలవదు, గీత ఉన్నంత మేరా కాగితం తెల్లగా మెరుస్తుంది. దాన్ని చూశాక నేనే ఒక తెల్ల క్రేయాన్ డబ్బాలో పెట్టుకున్నాను. లాడ్ బజార్ గాజుల మీది తళుకుకు ఇంతకన్నా తేలికైన ఉపాయం లేదు.

గాజుల దుకాణం మెట్టు

లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేచోట పిల్లలు ఎంతసేపైనా నిలబడతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. చేసే తీరు చూడటానికి సులువుగా ఉంటుంది, చేయడానికి కాదు. నిప్పుల మీద లక్కను మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి తగ్గకముందే రాళ్లూ అద్దం ముక్కలూ ఒక్కొక్కటే అద్దాలి. చల్లారితే రాయి పట్టదు, మరీ వేడైతే కూరుకుపోతుంది. ఆ చేతుల్ని గీయాలని కూర్చున్నాను. నిప్పు దగ్గరికి పోకుండా చిన్నదాన్ని ఒళ్లో ఇరికించుకుని, ఎడమ చేత్తో దాని పొట్ట పట్టుకుని, పుస్తకాన్ని మోకాలి మీద ఆనించి గీస్తున్నాను. బొమ్మలో చేతులు తప్ప ఇంకేమీ లేవు. మనిషి ముఖం, దుకాణం, రంగులు ఏవీ పట్టే తీరిక లేదు.

పెద్దోడు తన పేజీలో గాజు వేయాలని గుండ్రం గీస్తున్నాడు, అది కోడిగుడ్డులా వస్తోంది. చెరిపి మళ్లీ గీస్తున్నాడు. దుకాణం పెద్దాయన కాసేపు చూసి, పక్కన పడేసిన విరిగిన అచ్చుల్లోంచి ఒక గుండ్రటిది తీసి వాడి కాగితం మీద పెట్టాడు. "యే లే బేటా, పకడ్‌కే గోల్ ఖీంచ్" అన్నాడు. వాడు దాని చుట్టూ పెన్సిల్ తిప్పాడు. ఇంకొకటి, ఇంకొకటి, పేజీ నిండా ఒకదాన్నొకటి తాకుతూ గుండ్రాలు. నాకు ఎప్పుడూ దొరకనంత టైం ఆ రోజు దొరికింది. లేచేటప్పుడు ఒక డజను గాజులు కొన్నాను. ఎవరి మెట్టు మీద ఎక్కువసేపు కూర్చుంటే అక్కడ ఏదో ఒకటి కొనడం నా పద్ధతి, అది టీ అయినా సరే.

పిల్లలు వెంట ఉండటం వల్ల వచ్చే లాభం ఇక్కడే తెలిసేది. ఆడమనిషి ఒక్కతే రోడ్డు మీద కూర్చుని గీస్తుంటే చుట్టూ గుంపు కడతారు, ఎందుకు, ఎవరికోసం అని ఆరాలు తీస్తారు. పక్కన పిల్లలుంటే కుర్చీ తెచ్చి వేస్తారు. అనుమానం స్థానంలో బిస్కెట్లు వస్తాయి. కానీ అన్నిచోట్లా కాదు. ఒక ప్రభుత్వ భవనం గేటుకు ఎదురుగా కూర్చుంటే గార్డు వచ్చి లేవమన్నాడు.

"ఫొటోలు వద్దు మేడం."

"ఫొటో కాదన్నా, బొమ్మ."

"బొమ్మైనా లెటర్ కావాలి."

వాదించలేదు. పిల్లలతో ఉన్నప్పుడు వాదన మొదలైతే ముందు ఏడ్చేది వాళ్లే. రోడ్డు దాటి అవతలి చెట్టు కింద నుంచి గేటునీ గార్డునీ కలిపి గీసుకున్నాం.

కింద కూర్చుంటే మారేవి

ఇదంతా నేల మీద, మెట్ల మీద కూర్చుని వేసే పని. మడత స్టూలు వాడటం మానేశాను, స్టూలు ఉంటే దానికోసం పిల్లలు కొట్టుకుంటారు. దీనివల్ల నా బొమ్మల్లో హొరైజన్ గీత, అంటే గీసేవాళ్ల కంటి ఎత్తు గీత, కిందికి దిగిపోయింది. నిలబడి చూస్తే చదును నేల మీద దగ్గరి మనిషి, దూరపు మనిషి అందరి కళ్లూ ఇంచుమించు ఒకే గీత మీదకొస్తాయి. నేల మీద కూర్చుంటే ఆ గీత పెద్దవాళ్ల నడుము దగ్గరుంటుంది. అప్పుడు తలల్ని ఒక గీత మీద పేరిస్తే బొమ్మ చెడుతుంది, నడుముల్ని పేర్చాలి. దగ్గరి మనిషి తల పేజీ పైఅంచు దాటిపోతుంది, దూరపు మనిషి తల గీతకు కొంచెం పైన ఉంటుంది. పిల్లల కళ్లు మాత్రం గీతకు దగ్గర్లోనే ఉంటాయి. ఈ ఒక్కటి గుర్తుంటే గుంపు గీయడానికి టెన్షన్ ఉండదు.

కట్టడాలు కూడా మారతాయి. కమాను అడుగు నుంచి చూస్తాం కాబట్టి దాని లోపలి వంపు కనిపిస్తుంది, నేల బాగా కురచవుతుంది, ఆకాశం ఎక్కువొస్తుంది. గుమ్మాలు, మెట్లు, గడపలు పెద్దవవుతాయి. పాత పుస్తకాలు, ఇప్పటివి పక్కన పెట్టి చూస్తే ఊరు వేరేదేమో అన్నట్టుంటుంది. పాతవాటిలో గోపురాలు, పైకప్పులు, వంతెన మీంచి మూసీ. ఇప్పటివాటిలో ఆవరణలు, అరుగులు, చెప్పుల వరసలు, బల్లల కింద పడుకున్న పిల్లులు. ఇవి మంచివా అవి మంచివా అంటే నా ఓటు ఇప్పటివాటికే. పాతవి పోస్ట్‌కార్డులు.

సంచిలో ఏముంటుంది

అరచేతి కన్నా కొంచెం పెద్ద పుస్తకం, మందం కాగితం. పది రూపాయల బాల్ పెన్ రెండు. ఫౌంటెన్ పెన్ నాకు ప్రాణం కానీ దాని ఇంకు ఎక్కువగా తడికి కరుగుతుంది, మా ఇంట్లో తడిచెయ్యి పడని పేజీ లేదు. బాల్ పెన్ గీత తడికి చెదరదు, కింద పడితే నిబ్బు వంగదు, పోతే బాధ లేదు. ఎండలో పెడితే వెలుస్తుంది నిజమే, మూసిన పుస్తకంలో ఉండేదానికి ఆ బెంగ లేదు. నీళ్లు లోపలే ఉండే వాటర్ బ్రష్ ఒకటి, దాంతో గ్లాసు అక్కర్లేదు, తాగేస్తారని భయమూ అక్కర్లేదు. ఆరు రంగుల డబ్బా. రంగులు కొనేటప్పుడు కాడ్మియం లేనివి చూసుకుంటాను, చిన్నపిల్లల వేళ్లు ఎప్పుడు నోట్లోకి పోతాయో తెలియదు. బ్రష్ తుడవడానికి పాత సాక్సు పైభాగం కత్తిరించి మణికట్టుకు తొడుక్కుంటాను. మిగతా సంచి అంతా పిల్లలది: నీళ్ల సీసా, మురుకులు, జత బట్టలు.

మే నెలలో రంగు పరుచుకునేలోపే ఆరిపోతుంది, ముందు కాగితం తడిపితేనే కుదురుతుంది. జూలై, ఆగస్టుల్లో అసలు ఆరదు, పుస్తకం మూస్తే పేజీలు అతుక్కుంటాయి. ఆ రెండు నెలలూ బాల్ పెన్ బొమ్మలే.

రోజూ అంటే

పాతబస్తీ రోజూ కుదరదు. స్కూలు గేటు, టీకాల కోసం క్లినిక్‌లో నిరీక్షణ, బాల్కనీలోంచి ఎదురింటి వాటర్ ట్యాంకు, ఇవే ఎక్కువ. మా దగ్గర్లోనే ముసారాంబాగ్ వైపు ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది, 1798లో పోయాడు. పక్కన నల్లరాతి స్తంభం. నిటారు గీతలు నాలుగు గీస్తే అయిపోయే ఆకారం, చుట్టూ ఖాళీ జాగా. చార్మినార్ దాకా వెళ్లే ఓపిక లేని సాయంత్రాలకు అది సరిగ్గా సరిపోయింది. జ్వరాల రోజుల్లో నిద్రపోతున్న పిల్లల చేతులు గీసి తేదీ వేస్తాను. అది అర్బన్ స్కెచింగా అంటే కాదు. చెయ్యి వదలకుండా ఉండటానికి మాత్రం పనికొస్తుంది.

కుదరనివీ ఉన్నాయి. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ చుట్టూ వెలిగే బజారు నా పుస్తకంలో లేదు. లాల్‌దర్వాజా బోనాల రోజు ఆ జనంలో ఇద్దర్ని పట్టుకుని గీయడం కుదిరే పని కాదు, మర్నాడు వెళ్లి వీధిలో మిగిలిన తోరణాలూ వేపాకులూ గీస్తాను. వివరమైన కొలత బొమ్మలు, పెద్ద కాగితాలు ఈ పద్ధతికి లొంగవు. పాత భవనాల డాక్యుమెంటేషన్ కోసం గీసేవాళ్లకు ఇది సలహాగా చెప్పను, వాళ్లకు గంటలు కావాలి. ఏడాది లోపు పాప ఉన్నవాళ్లకు దీనికన్నా సులువైన దారి ఉంది, ఒళ్లో నిద్రపుచ్చి గీయడమే. నడిచే వయసు పిల్లలున్నవాళ్లకే ఈ చోటు లెక్కలన్నీ.

వచ్చే జూన్‌లో చిన్నది ఎల్‌కేజీకి వెళ్తుంది. పొద్దున మూడు గంటలు చేతికొస్తాయి. చలికాలం వచ్చాక చార్మినార్‌ని దక్షిణం వైపు నుంచి, ఎండ ముఖం మీద పడుతుండగా వేయాలని ఉంది. అటు ఫుట్‌పాత్ ఇరుకు, పిల్లలతో ఎప్పుడూ ప్రయత్నించలేదు. పదకొండు దాకా తెరవని దుకాణం మెట్టు ఒకటి చూసి పెట్టుకున్నాను. పెద్దోడికి ఆదివారం కూడా అదే చోటు కావాలట, అక్కణ్నుంచి ఎన్ని మినార్లు కనిపిస్తాయో లెక్కపెట్టాలంటున్నాడు.